నా ముక్కు ఫైలు

మేం పిల్లలుగా ఉన్న కాలంలో ఒక పిల్ల పొద్దస్తమానం నోరు తెరుచుకుని ఉంటే అది జబ్బని ఎవరికీ తోచేది కాదు. స్వభావం అనుకునేవారు. కొందరు పిల్లలు గోళ్ళు కొరుకుతారు, కొందరు బలపాలు తింటారు, ఈ పిల్ల నోరు తెరుచుకుంటుంది, అంతే. ఎనిమిదేళ్ళు వచ్చేదాకా నేను అలాగే చెల్లుబాటయిపోయాను. అప్పటి ఫొటోలు నావి రెండే ఉన్నాయి. రెండింటిలోనూ ఎవరో ఏదో ఘోరం చెబుతుంటే విస్తుపోయి వింటున్నట్టు ఉంటాను. (నిజానికి ఏమీ వినడం లేదు. చెప్పబోయేది ఆ సంగతే.) పిలిస్తే పలికేదాన్ని కాను, ఒకటి అడిగితే ఇంకోదానికి జవాబు చెప్పేదాన్ని, నిద్రపోతే పెద్దవాళ్ళ స్థాయిలో గురక పెట్టేదాన్ని. బళ్ళో తోటి పిల్లలు నన్ను చేప అనేవారు. అమ్మ మాత్రం "దానికి కాస్త పరధ్యానం" అని అందరికీ సర్దిచెప్పేది. నాకైతే ఏ లోపమూ తెలియదు. లోకమంతా ఇలాగే ఉంటుందనీ, మాట అనేది మనిషి మొహం మనవైపు ఉన్నప్పుడే బయటికొస్తుందనీ, వీపు తిప్పిన మనిషి మాట్లాడడనీ నా గట్టి నమ్మకం. మనుషుల పెదాలు చూసి మాటలు పట్టుకుంటున్నానని నాకే తెలియదు.

మాది నాంపల్లి స్టేషను వెనక ఒక సందులో రెండు గదుల పోర్షను. ఆంధ్రా తెలంగాణా కలిసిన ఏడు నాన్నగారి ఆఫీసుతో పాటు కర్నూలు నుంచి వచ్చి ఆ ఇంట్లో దిగాం. అప్పటికి నేను పాలుతాగే పిల్లనట. ఇంటిగలావిడ పక్క భాగంలోనే ఉండేది. తరతరాలుగా హైదరాబాదు మనిషి. మేం పెద్దమ్మ అనేవాళ్ళం. మనసు వెన్న. కానీ ఏ జబ్బు పేరెత్తినా ఆ జబ్బుతో గతించిన చుట్టం ఆవిడకి ఒకరుండేవారు. మీకు ధైర్యం చెప్పడానికే ఆ కథ ఎత్తుకునేది, కథ అయ్యేసరికి మీరు చాప మీద కూలబడి మంచినీళ్ళు అడిగేవారు. ఇక మా నాన్నగారు సర్కారు ఆఫీసులో గుమాస్తా. పొట్టిగా, శుభ్రంగా, ఎప్పుడూ ఏదో సంతకానికి ఎదురుచూస్తున్నట్టు ఉండేవారు. నాతో ఆయన మాట్లాడింది తక్కువ. "అన్నం తిన్నావా", "చదువుకున్నావా" అనే రెండు ప్రశ్నలతో ఎనిమిదేళ్ళు గడిపేశారు. నేను రెండింటికీ తలూపేదాన్ని.

మూడో తరగతి పరీక్షలయ్యాక క్లాసు టీచరు ఒక చీటీ రాసి పంపింది. "మీ అమ్మాయికి మొండితనమైనా ఉండాలి, చెవుడైనా ఉండాలి. ఏదో ఒకటి తేల్చుకుని జూన్‌లో పంపండి. ఇలాగైతే నేను క్లాసులో కూర్చోబెట్టుకోలేను" అని. ఆ చీటీని నాన్నగారు మూడుసార్లు చదివారు. నాలుగోసారి చదివి దాని మూలకి కన్నం పొడిచి దారం కట్టారు. నా ముక్కు ఫైలుకి అదే మొదటి కాగితం. మర్నాడే ఆబిడ్స్‌లో చెవి ముక్కు డాక్టరు దగ్గరికి తీసికెళ్ళారు. ఆయన నుదుటిమీద గుండ్రటి అద్దం ఒకటి కట్టుకుని ఉండేవాడు, అందుకని మా ఇంట్లో ఆయన పేరు అద్దం డాక్టరు. నా ముక్కులో లైటు వేశాడు, గొంతులోకి చిన్న అద్దం తోశాడు, నేను కక్కబోతే తప్పించుకున్నాడు. చివరికి చెప్పినదేమిటంటే, ముక్కు వెనకాల, కొండనాలుక పైన, పిల్లలకి ఒక కండ ఉంటుందట. దాన్ని అడినాయిడ్స్ అంటారట. నాకది విపరీతంగా పెరిగి గాలి దారి మూసేసిందట. అక్కణ్ణించి చెవికి పోయే గొట్టం కూడా పూడుకుపోయి, చెవి లోపల నీరు చేరిందట. కండ తీసేస్తే అన్నీ సర్దుకోవచ్చునట.

"తీసేస్తే తప్పకుండా వినపడుతుందాండీ?" అని నాన్నగారు అడిగారట. (ఆ రోజుల్లో నా ఎదురుగా జరిగిన సంభాషణల్లో సగం అమ్మ తరవాత చెప్పగా తెలిసినవే.) "చాలామందికి వినపడుతుంది" అన్నాడట అద్దం డాక్టరు. ఈ "చాలామంది" అనే మాట నాన్నగారికి నచ్చలేదు. ఎంతమంది, ఎవరు, ఎక్కడివాళ్ళు అనేది లేకుండా ఏ ఫైలూ కదలదు. డాక్టరు నవ్వి, తను ఆపరేషన్ చేసిన నలుగురు పిల్లల తండ్రుల పేర్లు చెప్పి, వెళ్ళి అడగమన్నాడు. మామూలు మనిషైతే ఆ మాటకి మొహమాటపడి ఊరుకునేవాడు. మా నాన్నగారు జేబులోంచి పెన్సిలు తీసి మూడు ఇళ్ళ అడ్రసులూ రాసుకున్నారు.

ఆ తరవాత రెండు ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని విచారణకు బయల్దేరారు. గౌలిగూడలో ఒక పిల్లాడు, సుల్తాన్ బజార్‌లో గాజుల కొట్టు మేడ మీద అన్నదమ్ములిద్దరు, అఫ్జల్‌గంజ్‌లో బట్టల వ్యాపారి కూతురు. పెద్దవాళ్ళు కాఫీలిచ్చి మర్యాద చేస్తుంటే నాన్నగారు ఆ పిల్లల్ని నిలబెట్టి, గాలి బాగా ఆడుతోందా, గురక తగ్గిందా, చదువు పెరిగిందా అని వరసగా అడిగి రాసుకునేవారు. గౌలిగూడ పిల్లాడు మమ్మల్ని చూడగానే ఇంకో ఆపరేషనుకి వచ్చామనుకుని మంచం కింద దూరాడు. ఎంత బతిమాలినా రాలేదు. ఆ పేరుకి ఎదురుగా నాన్నగారు "అభిప్రాయం తెలుపలేదు" అని రాసుకున్నారు. అన్నదమ్ములిద్దరూ బాగుందన్నారు గానీ, వాళ్ళమ్మ "గురక పోయిందమ్మా, గాని అల్లరి జాస్తయింది" అనేసరికి దాన్ని ఏ గళ్ళో రాయాలో నాన్నగారికి తెలియలేదు.

నన్ను ముంచింది అఫ్జల్‌గంజ్ పిల్ల. నాకంటే రెండేళ్ళు పెద్దది. పెద్దవాళ్ళు మాటల్లో పడగానే నా చెయ్యి పట్టుకుని మేడమెట్ల మీదికి లాక్కెళ్ళి, నాకు ఎదురుగా కూర్చుని, మొహంలో మొహం పెట్టి చెప్పింది. కాబట్టి ఒక్క అక్షరం పోకుండా అందింది.

"మూతి మీద జాలి పెడ్తరు. దాని మీద మందు సుక్కలు పోస్తరు. పది దాంక లెక్కవెట్టు అంటరు. నేను ఏడు అన్న."

"ఆ తరవాత?"

"తర్వాత ఏంలే. ఏడు తర్వాత ఏమైందో నాకెర్కలేదు. లేశినంక మస్తు రక్తం కక్కిన."

"ఎనిమిది అన్నవాళ్ళెవరైనా ఉన్నారా?"

ఆ పిల్ల వేళ్ళు మడిచి చూసుకుని, "ఏమో మరి. గాల్లను నేను సూడలే" అంది.

కింద నాన్నగారు అదే పిల్లని పిలిచి "ఇప్పుడు బాగుందా అమ్మా?" అని అడిగితే "ఔ, మంచిగనే ఉంది" అంది. ఆయన తృప్తిగా రాసుకున్నారు. నా లెక్కలో మాత్రం ఎనిమిది అన్న పిల్లలెవరూ లోకానికి తిరిగి రాలేదు. ఆ రోజు నుంచి నాకు అంకెలంటేనే గుండెదడ. ఏడో ఎక్కం దగ్గరికి వస్తే ఒళ్ళు చల్లబడేది. బాగా ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. ఆరు దాకా చెప్పి నోరు గట్టిగా మూసేసుకోవాలి. ఏడు అనకపోతే వాళ్ళు ఏమీ చెయ్యలేరు.

ఇది చాలనట్టు పెద్దమ్మ కూడా వచ్చి అమ్మ దగ్గర కూర్చుంది. నన్ను ఒళ్ళోకి లాక్కుని గడ్డం పట్టుకుని మాట్లాడింది కాబట్టి అదీ అందింది. "ఏంది బిడ్డ, గా డాక్టరు ముక్కుల కత్తి పెడ్తడంట? ఏం గాదు. కత్తితోని ఏం గాదు. జర గా మత్తిచ్చే కల్రోఫారంతోనే భయం. మా ఆడిబిడ్డ మామకు గట్లనే ఇచ్చిన్రు. మంచిగనే లేశిండు, అన్నం తిన్నడు. ఎనిమిది దినాలైనంక గోడలతోని ముచ్చట వెట్టుడు షురూ జేశిండు. గోడలు నాతోని మాట్లాడుతున్నయ్ అంటడు. ఇగ ఏం జేస్తరు? పిచ్చి దవాఖాన్ల ఏశిన్రు. ఆడ్నే పోయిండు పాపం." అమ్మ మొహం పాలిపోవడం చూసి, "నువ్వేం ఫికర్ జెయ్యకు. ఆయినె ముసలోడు, గీ పిల్ల చిన్నది" అని ముగించింది. నా నోట్లో అప్పటిదాకా ఉన్న బెల్లం ముక్క కూడా చేదెక్కింది.

నాన్నగారు విచారణ ముగించి నాలుగు పేజీల నోటు రాశారు. అనుకూలం ఇంత, ప్రతికూలం ఇంత, టీచరుగారి చీటీ జతపరచడమైనది, పై పరిస్థితుల దృష్ట్యా కండ తీయించవచ్చునని అభిప్రాయం, ఆమోదం నిమిత్తం సమర్పించడమైనది అని కింద సంతకం పెట్టి, వంటింట్లోకి తీసికెళ్ళి అమ్మ ముందు పెట్టారు. కూర తరుగుతున్న అమ్మ ఆ పెన్సిలే పుచ్చుకుని "సరే" అని రాసింది. పక్కన పసుపు వేలిముద్ర కూడా పడింది. "తారీఖు వెయ్యి" అన్నారు నాన్నగారు. "మీ మొహం, పిల్ల చూడండి ఎలా బిగుసుకుపోయిందో" అంది అమ్మ. ఆయన నావైపు చూశారు. ఏదో అనబోయినట్టు పెదాలు కదిలి ఆగిపోయాయి. నాకు కోపమొచ్చింది. కన్నకూతురి గొంతు కోయించడానికి ఇన్ని కాగితాలు నింపిన మనిషి ఇంకొకరుంటారా అనుకున్నాను.

ఆపరేషన్ రోజు పొద్దున్న మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా రిక్షాలో ఎక్కించారు. నాంపల్లి నుంచి ఆబిడ్స్ ఎంత దూరం, నడిచినా చెమట పట్టదు. ఆ రోజు మాత్రం రిక్షా ఇంకా నెమ్మదిగా వెళితే బాగుండునని ప్రతి మూల దగ్గరా దేవుణ్ణి అడిగాను. చక్రం పంక్చరవాలని మొక్కుకున్నాను, అవలేదు. డాక్టరు నర్సింగ్‌హోమ్ మెట్ల మీద అమ్మ చెయ్యి వదలలేదు నేను. నర్సు వచ్చి నా వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. అమ్మ ఏడుస్తోంది. నాన్నగారు ఫైలు చంకలో పెట్టుకుని ఎవరో ఇచ్చిన కాగితం మీద సంతకం పెడుతున్నారు. తలుపు మూసేముందు నేను చివరగా చూసిన దృశ్యం అదే. ఆయన నావైపు చూడను కూడా లేదు. నాకు ఆ క్షణంలో అందరికంటే ఆయనంటేనే ఎక్కువ భయం వేసింది.

లోపల ఎత్తుబల్ల మీద పడుకోబెట్టి చేతులు దుప్పటితో చుట్టేశారు. అఫ్జల్‌గంజ్ పిల్ల చెప్పిన జాలి, గుడ్డ కప్పిన ఇనప వల, రానే వచ్చింది. బాగా మగ్గి కుళ్ళిన సీతాఫలం లాంటి తియ్యటి వాసన. ఎవరో నా మొహం మీదికి వంగి, "లెక్కపెట్టు తల్లీ" అన్నారు. ఒకటి, రెండు, మూడు చెప్పాను. నాలుగు దగ్గర కాళ్ళెక్కడున్నాయో తెలియలేదు. ఐదు. ఆరు. అనుకున్న ప్రకారం నోరు బిగించేశాను. ఎంత బాగా బిగించానంటే పళ్ళు నొప్పెట్టాయి. కానీ అంత పకడ్బందీ ఉపాయంలో నేనొక్క సంగతి మరిచిపోయాను. నోటితో తప్ప ముక్కుతో గాలి పీల్చడం నాకు చేతకాదు. అది చేతనైతే అసలు ఆ బల్ల మీద ఎందుకు ఉంటాను? ఎంతసేపు ఆపగలను, ఊపిరి బిగుసుకుపోయి నోరు దానంతటదే తెరుచుకుంది. గుండెల నిండా ఆ సీతాఫలం వాసన వెళ్ళింది. ఏడు అన్నానో లేదో నాకు తెలియదు.

లేచాక చాలాసేపు నేను చచ్చిపోయాననే అనుకున్నాను. నోట్లో ఇనుము రుచి. కక్కితే ఎర్రగా వచ్చింది. అమ్మ మొహం కనపడి, "అయిపోయిందమ్మా, అయిపోయింది" అని పెదాలు కదిపాక, చచ్చిపోయినవాళ్ళకి అమ్మలుండరు కదా అని తర్కించుకుని బతికే ఉన్నానని నిర్ణయించుకున్నాను. రెండు రోజుల తరవాత ఇంటికి తీసుకొచ్చారు. నాలుగో రోజుకి ఒక వింత జరిగింది. నోరు మూసుకుని కూర్చుంటే కూడా గాలి ఆడుతోంది. అద్దం ముందు నిలబడి నోరు మూసుకుని, తెరిచి, మళ్ళీ మూసుకుని చూసుకున్నాను. మొహం ఎవరిదోలా ఉంది. నాన్నగారు ఫైల్లో "ముక్కు: సంతృప్తికరం" అని రాశారు. "చెవి" అని రాసి ఎదురుగా ఖాళీ ఉంచారు.

ఇల్లు చేరాక ఐదో రోజో ఆరో రోజో, మధ్యాహ్నం అమ్మ భోంచేసి ఒక కునుకు తీస్తోంది. నేను పక్కన చాప మీద పడుకుని ఆవలించాను. చెవిలో టప్‌మని ఏదో మూత లేచినట్టయింది. వెంటనే ఎవరో దగ్గర్లో కూర్చుని గోటితో బల్లని కొడుతున్నట్టు చప్పుడు. చూస్తే ఎవరూ లేరు. చప్పుడు ఆగదు. చాప మీద చెయ్యి కదిపితే చాప బుసకొట్టింది. నేను లేచి నడిస్తే వెనకాల ఎవరో నాతో పాటే నడుస్తున్నారు. ఆగితే ఆగుతున్నారు. గోడకి ఆనుకుని నిలబడ్డాను. అప్పుడు గోడ మాట్లాడింది.

"ఇయ్యాల పప్పు జెయ్యాల్నా, పచ్చిపులుసు జెయ్యాల్నా?" అంది గోడ.

(మా గదికీ పెద్దమ్మ వంటింటికీ మధ్య ఒకప్పుడు తలుపుండేది. అద్దెకిచ్చేటప్పుడు చెక్కలు కొట్టి, మా వైపు సున్నం వేసేశారు. ఇది నాకు తరవాత తెలిసింది.) వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆపరేషన్ అయి సరిగ్గా ఎనిమిది రోజులు. పెద్దమ్మ ఆడబిడ్డ మామగారికీ అదే గడువు. కల్రోఫారం నా తలకెక్కేసింది. పిచ్చివాళ్ళతో గోడలు మాట్లాడితే ఏవో పెద్ద పెద్ద రహస్యాలు చెబుతాయనుకునేదాన్ని, మా గోడ పప్పు సంగతి అడిగింది. అయినా గోడ గోడే. పైగా పెద్దమ్మ గొంతుతో మాట్లాడుతోంది, అది ఇంకా భయం.

ఎవరికీ చెప్పకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. చెబితే తీసికెళ్ళి పిచ్చాసుపత్రిలో వేస్తారు, నేను అక్కడే పోతాను పాపం. మునుపు ఎలా ఉన్నానో అలాగే ఉండాలి. మొహం ఎదురుగా ఉన్నవాళ్ళకే పలకాలి, మిగతా గొంతులన్నీ పిచ్చిలోవి, వాటికి జవాబు చెప్పానో దొరికిపోతాను. అమ్మ వెనకనుంచి "బుజ్జులూ" అని పిలిచేది. పళ్ళు బిగించి కదలకుండా కూర్చునేదాన్ని. అన్నం నములుతుంటే తలలో ఎవరో రోట్లో నూరుతున్నట్టుండేది, సగం తిని లేచిపోయేదాన్ని. స్టేషన్లో రైలు కూత పెడితే ప్రాణం ఎగిరిపోయేది, అయినా మొహంలో ఏమీ కనపడనిచ్చేదాన్ని కాను. మా ఇంటిగోడకి పగలంతా నోరు మూతపడేది కాదు. ఎవరి కోడలు ఎలాంటిదో, ఏ కూరగాయ ఎంత పుచ్చిపోయిందో అన్నీ చెప్పేది. భరించలేక ఒకరోజు దేవుడి గూట్లోంచి వత్తుల దూది తీసి చెవుల్లో కుక్కుకున్నాను. అమ్మ చూసి చెవిపోటనుకుని గాభరాపడింది. అదీ ఫైలుకెక్కింది.

వీటన్నిటికంటే కష్టం నాన్నగారి పరీక్ష. రోజూ పొద్దున్న ఆఫీసుకి బయల్దేరేముందు నన్ను వీధివైపు తిప్పి కూర్చోబెట్టి, వెనకాల మూడడుగుల దూరంలో నిలబడి, ఇత్తడి పళ్ళెం మీద చెంచా జారవిడిచేవారు. నాకది పిడుగు పడ్డట్టు వినపడేది. గోళ్ళు అరచేతుల్లో గుచ్చుకుని, కదలకుండా, మెదలకుండా వీధిలో మేకని చూస్తూ ఉండేదాన్ని. తరవాత కాగితం మీద పెన్సిలు గీసిన చప్పుడు. అది కూడా వినపడేది నాకు. "స్పందన లేదు" అని రాసేవారట. వెనక్కి తిరిగితే ఆయన మొహం మాడిపోయి ఉండేది. నా మీద కోపమనుకుని ఇంకా ముడుచుకుపోయేదాన్ని.

ఇంకో వారమిలా గడిచాక మళ్ళీ ఆబిడ్స్ ప్రయాణం. నాన్నగారు ఒక్కరే తీసికెళ్ళారు. అద్దం డాక్టరు గొంతు చూశాడు, ముక్కు చూశాడు, బాగుందన్నాడు. నా వెనక్కి వెళ్ళి "పాపా, నీ పేరేంటి?" అన్నాడు మెల్లిగా. ఎదురుగా ఎవరూ లేరు కాబట్టి ఇది పిచ్చిలోని గొంతే, నేను దొరకను. "పాపా, నీకు లడ్డూ కావాలా?" ఇది మరీ మోసం, నేను అసలు దొరకను. డాక్టరు నుదుటి అద్దం విప్పి బల్ల మీద పెట్టిన చప్పుడైంది. తరవాత నా వెనకనుంచే నాన్నగారితో అన్నాడు. "వినపడాలే. ఎక్కడో కొంత కండ మిగిలిపోయిందనుకుంటాను. ఒక్కోసారి అలా అవుతుంది. ఇంకోసారి మత్తిచ్చి శుభ్రంగా తీసేద్దాం. రేపు పొద్దున్నే పెట్టుకుందాం. బయట కూర్చోండి, నర్సు కాగితం తెస్తుంది, సంతకం చేసి వెళ్ళండి."

అవి పిచ్చి మాటలో నిజం మాటలో నాకు తెలియలేదు. నిజమైతే రేపు మళ్ళీ ఆ జాలి, ఆ సీతాఫలం, ఆ ఏడు. కాదు నాకు వినపడుతోందని అరిస్తే గోడల సంగతి బయటపడుతుంది. రెంటి మధ్యా ఇరుక్కుని, వరండాలో బెంచీ చివర కూర్చుని, చేతులు తొడల కింద పెట్టుకున్నాను. నా ఎనిమిదేళ్ళ బతుకులో అంత ఒంటరిగా ఎప్పుడూ లేను. నాన్నగారు పక్కనే కూర్చున్నారు. మొహం రోడ్డు వైపు. నేను నా చెప్పుల వైపు చూస్తున్నాను. అప్పుడు మళ్ళీ ఒక గొంతు మొదలైంది. చాలా చిన్న గొంతు.

"నీకెలాగూ వినపడదు కదమ్మా. అందుకే అంటున్నాను. నాకు భయంగా ఉందే బుజ్జులూ. కిందటిసారి సంతకం పెట్టానా, నిన్ను లోపలికి తీసికెళ్ళాక కాళ్ళు నిలవలేదు. టీ తాగొస్తానని మీ అమ్మతో అబద్ధమాడి ఆ ఎదురు అరుగు మీద కూలబడ్డాను. ఆ ఫైలంతా దేనికి రాశాననుకున్నావ్? ధైర్యం చాలక. అందరూ బాగుందంటున్నారు, నాదేం లేదు అనుకుందామని. నీకేమన్నా అయితే ఆ కాగితాలు ఏం చేసుకుంటాను చెప్పు. ఇప్పుడు మళ్ళీ పెట్టమంటున్నారు. నా చెయ్యి..."

ఈ గొంతు గోడల్లా పప్పు గురించి మాట్లాడడం లేదు. నా పేరు పెట్టి పిలుస్తోంది. నాకు భయం అంటోంది. నాకున్న భయమే దానికీ ఉంది. ఉండబట్టలేక తలెత్తి చూశాను. రోడ్డు వైపు తిరిగి ఉన్న నాన్నగారి మీసాలు కదులుతున్నాయి. గొంతు ఆగిన చోట మీసాలు ఆగాయి.

"నాకూ భయమే నాన్నగారూ" అన్నాను.

ఆయన గిరుక్కున తిరిగారు. ఫైలు కింద పడింది. "ఏవన్నావ్? నీకు... వినపడిందా?"

ఇక దాచి లాభం లేదనిపించింది. ఏడుపు తన్నుకొచ్చింది. "అన్నీ వినపడుతున్నాయి. గోడలు కూడా వినపడుతున్నాయి. నాకు పిచ్చెక్కింది నాన్నగారూ. నన్ను పిచ్చాసుపత్రిలో వెయ్యొద్దు. అమ్మకి చెప్పకండి."

నాన్నగారు నన్ను ఒళ్ళోకి తీసుకున్నారు. అంతకు ముందు తీసుకున్నట్టు నాకు గుర్తులేదు. నా తల తన భుజానికి ఆనించుకుని, మొహం కనపడకుండా, మెల్లిగా అడిగారు. "మన గోడ గడియారం ఏమంటోందమ్మా?" "గోటితో బల్ల కొట్టినట్టు టిక్కు టిక్కంటోంది" అన్నాను. "చెంచా పడేస్తే?" "పిడుగులా ఉంటోంది." ఆయన పొట్ట అదిరింది. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో తెలియలేదు. "మాట వెనకనుంచి కూడా వస్తుందే పిచ్చితల్లీ. గోడ అవతల్నించి కూడా వస్తుంది. అందరికీ అంతే" అన్నారు. అందరికీ అంతే అన్న ఆ మాట అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది. ఈ రైలుకూతలూ, ఈ నములుడూ, ఈ అడుగుల చప్పుళ్ళూ అందరూ రోజూ భరిస్తున్నారా, ఎవరికీ పిచ్చెక్కలేదా? నర్సు కాగితం తెచ్చింది. "అక్కర్లేదమ్మా" అని నాన్నగారు జేబురుమాలుతో గట్టిగా ముక్కు చీదారు. ఆ చప్పుడుకి నేను ఉలిక్కిపడితే ఆయన ఎంత సంబరపడ్డారో చెప్పలేను. ఇంకోసారి చీదారు.

పెద్దమ్మకి సంగతి తెలిసి ముందు నవ్వింది, తరవాత నవ్వాపేసింది. "అంటే ఏంది, నా ముచ్చట్లన్ని విన్నవా?" అంది. ఔనన్నాను. ఆ రోజు నుంచి మా గోడ గొంతు తగ్గించి మాట్లాడడం నేర్చుకుంది. జూన్‌లో బడి తెరిచాక టీచరు నన్ను ముందు బెంచీలో కూర్చోబెట్టింది. నోరు మూసుకుని కూర్చున్న నన్ను మొదటిరోజు ఎవరూ గుర్తుపట్టలేదు.

ఇప్పుడు మా బంధువుల్లో ఏ పిల్లకి ముక్కులో కండ ఉందన్నా ముందు నాకే ఫోను చేస్తారు. ఆపరేషన్ చేయిస్తే పనిచేస్తుందా అని అడుగుతారు. డాక్టరు చెప్పినట్టు వినండి, నాకు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది అంటాను. ఆ తరవాత జరిగింది మాత్రం చెప్పను. నాకు చెవులొచ్చాయని తెలిసినప్పటి నుంచి నాన్నగారు నా దగ్గర మాట జారకుండా జాగ్రత్తపడ్డారు. అన్నం తిన్నావా, చదువుకున్నావా, పెళ్ళయ్యాక అల్లుడుగారు బాగున్నారా, ఇంతే. ఇంకో ముప్ఫై ఏళ్ళున్నారు. చివర్లో ఆయన్నే ఆపరేషనుకి తీసికెళ్ళేటప్పుడు భయంగా ఉందా నాన్నగారూ అని అడిగితే, ఎందుకమ్మా అని నవ్వారు. భయమనే మాట ఆయన నోట నేను విన్నది ఆ బెంచీ మీద ఒక్కసారే, అదీ నాకు వినపడదనుకున్నప్పుడు. ఆయన చెయ్యి గురించి ఏం చెప్పబోయారో, ఆ తరవాత ఇంకేం చెప్పేవారో ఎన్నిసార్లు అనుకున్నానో. ఎనిమిదేళ్ళ ఆ పిల్ల ఎదురుపడితే ఒక్కటే చెబుతాను. అంత తొందరేమొచ్చిందే, ఇంకో ఐదు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోలేకపోయావా? అప్పటికి ముక్కుతో గాలి పీల్చడం కూడా వచ్చేసింది కదా నీకు.